నూనూగు మీసాల కుర్రాడికి ఏ పుస్తకం?

హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఏటా నాకు కనిపించే దృశ్యం ఒకటుంది. తండ్రి ముందు నడుస్తుంటాడు, వెనకాల పద్నాలుగు, పదిహేనేళ్ల కొడుకు. బొమ్మల పుస్తకాల స్టాలు దగ్గర పిల్లాడి కాళ్లు ఆగిపోతాయి. జపాన్ కామిక్స్ అట్ట మీద కత్తి పట్టుకున్న కుర్రాణ్ణి కన్నార్పకుండా చూస్తుంటాడు. “అవి చిన్నపిల్లలవి రా, ఇటు రా” అంటాడు తండ్రి. విజయం, లక్ష్యం, ఏకాగ్రత అని పెద్దపెద్ద అక్షరాలతో అట్టలున్న పుస్తకాల వైపు తీసుకెళ్లి రెండు కొంటాడు. సంచీ పిల్లాడు మోస్తాడు. ఆ పుస్తకాలు సంచీలోంచి అల్మరాలోకి వెళతాయి, అక్కణ్ణుంచి మళ్లీ బయటికి రావు. మరుసటేడు కలిస్తే ఆ తండ్రే, “మావాడు పుస్తకం పట్టుకోడండీ” అంటాడు.

ఆయన మంచి తండ్రి. సెలవురోజు విశ్రాంతి వదులుకున్నాడు, డబ్బు పెట్టాడు. కాకపోతే తన మనసులో ఉన్న కొడుక్కి పుస్తకం కొన్నాడు. పక్కన నడుస్తున్న కొడుకు ఉత్తచేతులతో ఇంటికెళ్లాడు.

నేనూ ఈ పొరపాటు చేశాను. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతిలో ఉండగా పుట్టినరోజుకి గోర్కీ ‘అమ్మ’ ఇచ్చాను. నా పంతొమ్మిదో ఏట నన్ను కుదిపేసిన నవల అది. వాడికి పదమూడు. రెండు నెలలాగి అడిగితే, “మావయ్యా, అందులో ఇంకా ఏమీ జరగట్లేదు” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇరవయ్యో పేజీ దగ్గర బస్సు టికెట్టు గుర్తు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తీస్తే టికెట్టు అదే పేజీలో ఉంది. కానీ అదే వేసవిలో మా అటక మీది అట్టపెట్టెలో దొరికిన మధుబాబు షాడో నవలలు పదకొండు చదివేశాడు. మండు మధ్యాహ్నాలు, చాప మీద బోర్లా పడుకుని, మజ్జిగ తాగడానికి పిలిచినా లేవకుండా. వాడికి చదవడం ఇష్టం లేదని ఎలా అనగలను? నేనిచ్చిన పుస్తకం వాడిది కాదు, అంతే.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఉన్న మగపిల్లలకి ‘వాళ్ల పుస్తకం’ ఎలా వెతకాలో ఈ అధ్యాయంలో చెబుతాను. అమ్మానాన్నల కోసం, బడిలో ఉపాధ్యాయుల కోసం, నాలాంటి మేనమామల కోసం.

మగపిల్లలు చదవరా?

2018లో 15 ఏళ్ల విద్యార్థులకు జరిగిన అంతర్జాతీయ పరీక్ష ‘పీసా’లో, చదివి అర్థం చేసుకోవడం అనే విభాగంలో, ఓఈసీడీ దేశాల సగటు చూస్తే అబ్బాయిలు అమ్మాయిలకంటే 30 పాయింట్లు వెనకబడ్డారు. మన దేశంలో 2023 ‘అసర్’ సర్వే 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని కలిసింది. తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన అమ్మాయిలు 76 శాతం, అబ్బాయిలు దాదాపు 71 శాతం.

ఈ అంకెలు చూసి “మగపిల్లల బుర్రే అంత” అని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇప్పుడు యాభై, అరవై ఏళ్లున్న మగవాళ్లని అడిగి చూడండి. చందమామ వచ్చే రోజుకోసం ఎదురుచూసినవాళ్లు, అన్నదమ్ములతో దానికోసం కొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సందు చివర అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని చెల్లించి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ని, మధుబాబు షాడోని తెచ్చుకున్నది ఆ కాలపు కుర్రాళ్లే. సోషల్ పుస్తకం మధ్యలో షాడోని దాచి చదివిన కుర్రాడే ఇవాళ తండ్రయి, కొడుకుని కామిక్స్ స్టాలు దగ్గర్నుంచి లాక్కెళుతున్నాడు. ఈ మాట వినగానే ఎవరైనా తండ్రికి తన పదిహేనో ఏడు గుర్తొస్తే నాకు సంతోషం.

మారిందేమిటంటే, పిల్లాడి ఇంట్లో చదివే మగవాడు కనబడటం మానేశాడు. నాన్న చేతిలో ఫోను, తాతయ్య చేతిలో రిమోటు. బడిలో, కాలేజీలో పుస్తకం అంటే సిలబస్, సిలబస్ అంటే మార్కులు. అమెరికాలో జాన్ షెస్కా అని ఒక రచయిత ఉన్నాడు. చాలా ఏళ్లు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పినవాడు. అబ్బాయిల చేత చదివించడానికే ‘గైస్ రీడ్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. 2008లో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆయన్ని దేశానికి తొలి బాలసాహిత్య రాయబారిగా నియమించింది. ఆయన చెప్పే మాటల్లో నన్ను బాగా పట్టుకున్నవి రెండు. మగవాళ్లు చదువుతూ మగపిల్లలకి కనబడాలి. అబ్బాయిలు ఇష్టంగా చదివే హాస్యాన్ని, బొమ్మల కథల్ని, యంత్రాల గురించీ జంతువుల గురించీ ఉన్న పుస్తకాల్ని కూడా ‘చదవడం’ కిందే లెక్కవెయ్యాలి.

వారం రోజులు ఊరికే చూడండి

పుస్తకాల షాపుకి వెళ్లేముందు ఒక వారం మీవాణ్ణి గమనించండి. ప్రశ్నలు అడగొద్దు. ఈ వయసు పిల్లలు ప్రశ్నకి జవాబుగా “ఏం లేదు” అనే రెండు మాటలే చెబుతారు. ఏ వీడియో చివరిదాకా చూస్తున్నాడు? స్నేహితుడితో ఫోన్లో గొంతు పెంచి దేనిగురించి వాదిస్తున్నాడు? భోజనం దగ్గర ఎవరి మాట రాగానే తల దించుకుంటున్నాడు? అద్దం ముందు ఎంతసేపుంటున్నాడు?

మీసం మొలిచే వయసులో మగపిల్లాడి లోపల ఎవరినీ అడగలేని ప్రశ్నలుంటాయి. నేను పిరికివాణ్ణా? వీళ్లు నన్ను తమలో కలుపుకుంటారా? నాన్న చెప్పేదంతా నిజమేనా? ఆ అమ్మాయి నావైపే చూసిందా? సీటు రాకపోతే నేనింకేమీ కానా? ఆడపిల్లలు ఇలాంటివి స్నేహితురాళ్లతోనైనా పంచుకుంటారు. మగపిల్లలకి ఆ వెసులుబాటు కూడా మనం ఇవ్వం, “మగాడివి, ఏడవకు” అని మూడో ఏటే నోరు నొక్కేస్తాం. పుస్తకంలో ఇంకెవరో ఆ ప్రశ్నతోనే పెనుగులాడుతుంటే, వాడు తలుపేసుకుని చదువుతాడు. మీరు వెతకాల్సింది అలా తలుపేసుకుని చదివించే పుస్తకాన్ని.

ధైర్యం గురించి లోలోపల మథనపడే పిల్లాడికి నేను మొదట ఇచ్చే పుస్తకం డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టర్ ఆయన. నవలలో పందులు కాచుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందలోంచి తప్పిపోతే, చీకటి పడుతుండగా బల్లెం పట్టుకుని ఒంటరిగా అడవిలోకి వెళతాడు. కథంతా ఒక్క రాత్రి. చెట్టెక్కడం, చప్పుడు వినడం, గాలివాటం చూసుకోవడం, భయాన్ని పక్కన పెట్టుకుని చెయ్యాల్సిన పని చెయ్యడం, అంతే. ఉపదేశం లేదు. చిన్న పుస్తకం, రెండు మూడు విడతల్లో అయిపోతుంది. పదిహేనేళ్ల కుర్రాడు ముసలివాడి కథ ఎందుకు చదువుతాడని మీరు అనుకోవచ్చు. వాడు ముసలివాణ్ణి చూడడు, అడవిని చూస్తాడు. ఆ చీకట్లో తనుంటే ఏం చేసేవాడో లెక్కవేసుకుంటాడు. నేను ఈ పుస్తకం ఇచ్చిన అబ్బాయిల్లో చాలామంది ముగింపు గురించి నాతో గొడవపడ్డారు. అంతకంటే నాకేం కావాలి?

ఇంగ్లీషులో చదివే పిల్లాడైతే ఇదే దారిలో గ్యారీ పాల్సన్ ‘హ్యాచెట్’ ఉంది. 1987లో వచ్చింది. విమానం నడిపేవాడు గుండెపోటుతో చనిపోతే, పదమూడేళ్ల బ్రయాన్ ఒక్కడే కెనడా అడవిలో పడతాడు. దగ్గరున్నది వాళ్లమ్మ ఇచ్చిన చిన్న గొడ్డలి. నిప్పు పుట్టించడానికి వాడు పడే పాట్లు చదువుతుంటే మనకే చేతులు బొబ్బలెక్కుతాయి.

ఓడిపోయిన పేజీ ఇవ్వండి

అబ్దుల్ కలామ్ ఆత్మకథ మన ఇళ్లలో చాలామంది పిల్లలకి బహుమతిగా వస్తుంది. వాడ్రేవు చినవీరభద్రుడు తెలుగులోకి ‘ఒక విజేత ఆత్మకథ’గా తెచ్చారు. మంచి అనువాదం. అయినా చాలామంది పిల్లలు దాన్ని తెరవరు, ఎందుకంటే మనం దాన్ని ఇచ్చేటప్పుడే “ఈయనలా కావాలి” అంటాం. క్షిపణి శాస్త్రవేత్తలా, రాష్ట్రపతిలా కమ్మంటే పదో తరగతి పిల్లాడు ఏం చెయ్యాలి? పుస్తకాన్ని చూడగానే వాడికి బరువనిపిస్తుంది.

ఆ పుస్తకంలో పిల్లాడికి దగ్గరయ్యే చోట్లు వేరే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరిన పత్రికల కట్టల్ని పట్టుకోవడమే కుర్రాడు కలామ్ తొలి సంపాదన. ఇంకోటి, వాయుసేనలో పైలట్ కావాలని ఆయన డెహ్రాడూన్ వెళ్లిన సంగతి. ఖాళీలు ఎనిమిది. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు ఇరవై ఐదు మంది. కలామ్‌కి తొమ్మిదో స్థానం. చిన్నప్పట్నుంచీ కన్న కల ఒక్క స్థానంలో పోయింది. దిక్కుతోచక రిషీకేశ్ దాకా వెళ్లాడు.

ఈఏపీసెట్‌లోనో, జేఈఈలోనో అనుకున్న ర్యాంకు రాని కుర్రాడున్న ఇంట్లో, ఫలితాలొచ్చిన వారం రోజుల తర్వాత, ఆ పేజీల దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి పుస్తకాన్ని వాడి బల్ల మీద ఉంచండి. “చదువు” అనొద్దు. ఆ పేజీ తనంతట తనే పనిచేస్తుంది. విజేతల పుస్తకాలన్నిటికీ ఇదే సూత్రం. గెలిచిన అధ్యాయం చుట్టాలకి చూపించుకోవడానికి పనికొస్తుంది. పిల్లాడికి ఆసరా అయ్యేది ఓడిన అధ్యాయం.

ఆటల పిచ్చి ఉన్న పిల్లాడికీ ఇదే. వీవీఎస్ లక్ష్మణ్ ఆత్మకథ ‘281 అండ్ బియాండ్’ 2018లో వచ్చింది. 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద చేసిన 281 పరుగుల పేరే పుస్తకానికి పెట్టారు. కానీ హైదరాబాద్‌లో డాక్టర్ల ఇంట్లో పుట్టిన కుర్రాడు పదిహేడో ఏట వైద్యమా, క్రికెట్టా అని తేల్చుకోవాల్సి వచ్చిన ఘట్టం మన పిల్లల ఇళ్లలో రోజూ జరిగే కథ. ఇంటర్ చదివే, కాస్త గట్టి మాటలు తట్టుకోగల అబ్బాయికి ఆండ్రే అగస్సీ ‘ఓపెన్’ (2009) ఇవ్వండి. ప్రపంచ చాంపియన్ తనకి టెన్నిస్ అంటే అసహ్యమని చెబుతాడు. తండ్రి తయారుచేసిన బంతులు విసిరే యంత్రాన్ని ఏడేళ్ల పిల్లాడు డ్రాగన్ అని పిలుచుకునేవాడు. ఈ పుస్తకాన్ని కొడుక్కిచ్చేముందు తండ్రి చదవాలి. పోటీ పరీక్షల హాస్టల్లో కొడుకుని చేర్పించిన తండ్రయితే తప్పకుండా చదవాలి.

నవ్వు, యాస, మన ఊరు

పిల్లలు తెలుగు పుస్తకానికి దూరమవడానికి భాష రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పాఠ్యపుస్తకంలో ఉండే తెలుగు వాళ్లింట్లో ఎవరూ మాట్లాడరు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు జిల్లా మాటల్లోనే ఉంటుంది. అమ్మ తిట్లు, ఆవులు, బడి ఎగ్గొట్టడాలు, ఆకలి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లా కావలిలో ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి కథలు. రెండూ నవ్విస్తూ నవ్విస్తూ ఒకచోట గొంతు పట్టుకుంటాయి. రాయలసీమ, నెల్లూరు పిల్లలకి అవి అచ్చం వాళ్ల నాయనమ్మ గొంతులా వినిపిస్తాయి. వేరే ప్రాంతం పిల్లాడికి మొదటి నాలుగు పేజీలు మీరు పైకి చదివి వినిపించండి, చెవి అలవాటుపడ్డాక వాడే లాక్కుంటాడు. పక్కింటి ముస్లిం కుర్రాడి పండగ ఎలా ఉంటుందో, పేదింటి అమ్మ ఎలా మాట్లాడుతుందో తెలిసిన పిల్లాడు వాట్సాప్‌లో వచ్చే ప్రతి విషపు మాటా నమ్మడు. ఇది నా గట్టి నమ్మకం. పుస్తకాల గురించి నేనింత పట్టుబట్టడానికి సగం కారణం ఇదే.

ప్రేమ విషయం చాలామంది తల్లిదండ్రులు దాటేస్తారు. పదహారేళ్లకి అది దాటేసే విషయం కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగం ఆటగాడు రేవంత్‌కి తనెవరో చెప్పని అమ్మాయి ఫోన్ చేస్తుంటుంది. ఆమెని కనుక్కోవాలంటే వాడు బుర్ర వాడాలి, ఆమె మాట వినాలి. సినిమాల్లో వెంటపడి వేధించడాన్ని ప్రేమనుకుంటున్న వయసుకి, అమ్మాయికీ ఒక మనసు, తెలివి ఉంటాయని చూపించే కథ ఏదైనా మంచిదే.

ఏ పుస్తకాన్నీ ‘అమ్మాయిల పుస్తకం’ అని పక్కన పెట్టకండి. ‘రైలుబడి’ జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి చిన్ననాటి కథ. అల్లరికి తాళలేక మొదటి బడి నుంచి పంపించేసిన పాపకి, రైలు పెట్టెల్లో తరగతులు జరిగే బడి దొరుకుతుంది. క్లాసులో రోజూ నిలబెట్టే కుర్రాడికి దీనికంటే ఓదార్పు ఇంకెక్కడా దొరకదు.

కథలు వద్దనే పిల్లాడు

కొందరు అబ్బాయిలు “జరగని సంగతి ఎందుకు చదవాలి?” అంటారు. వాళ్లతో వాదించకండి. ఆకాశం ఎంత పెద్దది, మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు, పిడుగు ఎందుకు పడుతుంది అనేవి వాళ్ల కథలు. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’ తెలుగులో ఇలాంటి పిల్లల కోసమే ఉన్నాయనిపిస్తుంది. ఒకటి ఖగోళం, రెండోది జీవపరిణామం. పత్రికా సంపాదకుడి కలం కాబట్టి వాక్యం ఎక్కడా బిగుసుకుపోదు. కొత్త పరిశోధనలు చాలా వచ్చాయి నిజమే, పాతబడిన వివరాలు వెతికి సరిచూడమని పిల్లాడికే పురమాయించండి, ఇష్టంగా చేస్తాడు. మహీధర నళినీమోహన్ ‘కేలెండర్ కథ’, ‘పిడుగుదేవర కథ’ కూడా ఆ కోవవే.

అదే నండూరి స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలండ్’ని ‘కాంచనద్వీపం’గా తెలుగు చేశారు. టామ్ సాయర్నీ, హకల్‌బెరీ ఫిన్నీ కూడా తెచ్చారు. ‘ట్రెజర్ ఐలండ్’ పుట్టుక గురించి తెలుసుకుంటే పుస్తకాల ఎంపికకి అదే ఒక పాఠం. 1881లో స్కాట్లండ్‌లో వాన కురుస్తున్న సెలవుల్లో, భార్య మొదటి పెళ్లి కొడుకు, పన్నెండు పదమూడేళ్ల లాయిడ్‌తో కూర్చుని స్టీవెన్‌సన్ ఒక దీవి పటం గీశాడు. పటంలోంచి కథ వచ్చింది. రోజుకో అధ్యాయం రాసి ఇంట్లోవాళ్లకి చదివి వినిపించాడు. పిల్లాడు పక్కన కూర్చుని “తర్వాత?” అంటుంటే రాసిన పుస్తకం కాబట్టే దాని నడక ఇప్పటికీ అంత చురుగ్గా ఉంది. రిక్ రియోర్డన్ ‘పెర్సీ జాక్సన్’ కథలూ అంతే. చదవడానికి ఇబ్బందిపడే తన కొడుక్కి రాత్రిళ్లు చెప్పిన కథలవి. కథానాయకుడు పెర్సీకీ అక్షరాలు కుదురుగా కనబడవు.

బొమ్మల కథల మీద చిన్నచూపు మానేద్దాం. హిట్లర్ కాలంలో యూదుల బాధని ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’కి 1992లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు అబ్బాయిలకి జీన్ లూయెన్ యాంగ్ ‘అమెరికన్ బార్న్ చైనీస్’ తప్పకుండా చూపించండి. బడిలో తన టిఫిన్ డబ్బా చూసి, పేరు చూసి నవ్వితే, తను తను కాకుండా పోవాలనుకునే చైనా సంతతి పిల్లాడి కథ. ‘పెరుగన్నం ఎందుకు పెట్టావ్?’ అని అమ్మ మీద అరిచిన ప్రతి పిల్లాడి కథ కూడా.

షాపులో నిలబడి

పుస్తకం చేతిలోకి తీసుకున్నాక వెనక అట్ట మీది పొగడ్తలు చదవకండి, మొదటి పేజీ చదవండి. మొదటి పేజీలో ఎవరో ఎక్కడికో కదలాలి, లేదా ఏదో తేడాగా ఉండాలి. వాతావరణ వర్ణనతో మొదలై మూడు పేజీలదాకా మనిషి కనబడని నవల గొప్పదే కావచ్చు, కానీ ఈ వయసుకి మొదటి పుస్తకంగా పనికిరాదు. బొత్తిగా చదవని పిల్లాడికి నూట యాభై పేజీలు దాటనివ్వకండి. చివరి పేజీ చేరడం ఒక్కసారి రుచి చూస్తే తర్వాత లావు పుస్తకమూ మోస్తాడు. పేజీలో తెల్లజాగా ఎక్కువుంటే ఇంకా మంచిది. జేసన్ రేనాల్డ్స్ అనే అమెరికన్ రచయిత పదిహేడేళ్లు వచ్చేదాకా ఒక్క నవల కూడా పూర్తిగా చదవలేదని తనే చెప్పాడు. 2017లో ఆయన రాసిన ‘లాంగ్ వే డౌన్’ వచన కవితల్లో సాగుతుంది. అన్నని చంపినవాణ్ణి చంపడానికి తుపాకీతో బయల్దేరిన పదిహేనేళ్ల కుర్రాడు లిఫ్టులో కిందికి దిగే ఒక్క నిమిషం కథ అది. ఒకే సాయంత్రం అయిపోతుంది.

అట్ట కూడా చూడండి. హాస్టల్లో, కాలేజీ బస్సులో నలుగురి ముందు వాడా పుస్తకం తీయగలడా? పదిహేనేళ్లవాడికి చిన్నపిల్లల బొమ్మలున్న అట్ట ఇస్తే, లోపల ఎంత గొప్ప కథ ఉన్నా సంచీలోనే ఉండిపోతుంది. అది వాడి అహంకారం కాదు, ఆ వయసులో పరువు అంటే అన్నం లాంటిది.

మీవాడు ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లాడా? చెవితో మొదలుపెట్టండి. తెలుగు కథలు వినిపించే దాసుభాషితం లాంటి యాప్‌లున్నాయి. కారులో ఊరెళ్లేటప్పుడు ఒక కథ పెట్టి, మంచి పట్టులో ఇల్లు వచ్చేలా చూసుకోండి. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లకి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ లాంటి సీరియల్స్ రాత్రికో భాగం మీరే చదివి వినిపించండి. ప్రతి భాగమూ ఎవరో ప్రమాదంలో పడ్డచోట ఆగుతుంది. ఆగినచోట పుస్తకం మూసి, వాడికి అందేలా పెట్టి, దీపం తీయకుండా వెళ్లి పడుకోండి.

ఇచ్చిన తర్వాత

పుస్తకం వాడి ఫోను ఛార్జింగ్ పెట్టేచోట ఉంచండి. ఎలాగూ అక్కడికి వస్తాడు. “చదివావా?” అని అడగకండి. అన్నిటికంటే ముఖ్యంగా, “ఇందులోంచి ఏం నేర్చుకున్నావ్?” అని ఎప్పుడూ అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో కథ పాఠమైపోతుంది. మీరూ చదివి ఉంటే, “అడవిలో ఆ ముసలివాడు అప్పుడు చెట్టు దిగకుండా ఉండాల్సింది, ఏమంటావ్?” అనండి. వాడు ఒప్పుకోకపోతే వాదించండి. ఓడిపోండి.

నచ్చకపోతే వదిలేసే హక్కు వాడికివ్వండి. ఫ్రాన్స్‌లో బడిపంతులుగా పనిచేసిన రచయిత డేనియల్ పెనాక్ 1992లో రాసిన పుస్తకంలో పాఠకుడికి పది హక్కులు రాసిపెట్టాడు. మొట్టమొదటిది చదవకుండా ఉండే హక్కు. పేజీలు దాటెయ్యడం, మధ్యలో ఆపెయ్యడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ముప్ఫై పేజీలు చూసి వద్దంటే నిష్ఠూరం లేకుండా వెనక్కి తీసుకోండి. నా అనుభవంలో నాలుగైదు ఇస్తే ఒకటి అతుక్కుంటుంది. ఆ ఒక్కటీ ఏదో గుర్తుపెట్టుకుని, దాని పక్కది ఇవ్వండి.

వాడు మీకు నచ్చనిది చదువుతుంటే? అందులో ఆడవాళ్లని చూపించిన తీరో, నెత్తురో మీకు ఇబ్బంది అనిపిస్తే, పుస్తకం లాక్కోకండి. మీరూ ఒక పది పేజీలు చదివి, ఏది నచ్చలేదో ఒక్కసారి, ఒక్క వాక్యంలో చెప్పండి. వాడు విననట్టు నటిస్తాడు. వింటాడు. మా మేనల్లుడికి షాడో గురించి నేనలాగే ఒక మాట చెప్పాను. పదేళ్ల తర్వాత వాడది నాకే మళ్లీ చెప్పాడు, తనకి తట్టిన ఆలోచనలాగా.

నాలుగైదింటిలో ఒకటే అతుక్కునేట్టయితే ఇన్ని పుస్తకాలు కొనేదెలా అంటారా? అన్నీ కొననక్కర్లేదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి మీవాణ్ణి తీసుకెళ్లండి, చేతిలో రెండొందలు పెట్టి “నీ ఇష్టం” అని మీరు దూరంగా టీ తాగండి. వాడేం తెచ్చినా మొహం చిట్లించకండి. ఇంకా దగ్గర్లో మీ ఊరి శాఖా గ్రంథాలయం ఉంది. మన రాష్ట్రాల్లో ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కలిపి వసూలు చేస్తారు. అంటే ఆ బీరువాల్లోని పుస్తకాలకి మీరు ఇప్పటికే డబ్బు కట్టారు. రేపు సాయంత్రం మీవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి వాడి పేరు మీద ఒక సభ్యత్వ కార్డు రాయించండి, మీ పేరు మీద ఇంకొకటి.